పార్శ్వపు నొప్పికి ఓర్పు మేలా, మాత్ర మేలా?

పార్శ్వపు నొప్పితో, అంటే మైగ్రేన్ తలనొప్పితో ఏళ్ల తరబడి నెట్టుకొచ్చేవారికి రెండు సలహాలు ఎప్పుడూ సిద్ధంగా ఉంటాయి. "ఊరికే మాత్రలు మింగకు, కాస్త ఓర్చుకుంటే అదే తగ్గుతుంది" అనేది ఇంట్లో పెద్దవాళ్ల మాట. "ఎందుకొచ్చిన బాధ, ఒకటి వేసుకుని పని చూసుకో" అనేది ఆఫీసులో పక్క సీటువాళ్ల మాట. పదహారేళ్లుగా ఈ నొప్పి ఉన్న నేను మొదటి సలహాను కొన్నేళ్లు, రెండోదాన్ని కొన్నేళ్లు పాటించి, రెండింటివల్లా నష్టపోయాను. ఈ మధ్య, మన చేతిలో లేనిదాన్ని నిబ్బరంగా భరించమనే ప్రాచీన గ్రీకు స్టోయిక్ తత్వం పేరుతో మొదటి సలహాకు కొత్త గౌరవం దక్కుతోంది కాబట్టి, వీటిలో ఏది ఎంతవరకు పనికివస్తుందో విడమరచి చూడడం అవసరమనిపించింది.

ముందు స్టోయిక్కుల సంగతి తేల్చుకోవాలి. బానిసగా పుట్టి, కుంటికాలితో బతికి, తరువాత గ్రీసులోని నికోపొలిస్‌లో పాఠశాల నడిపిన ఎపిక్టెటస్ ప్రసంగాలను ఆయన శిష్యుడు ఆర్రియన్ రాసిపెట్టాడు. వాటిలో ఒకచోట సరిగ్గా తలనొప్పి ప్రస్తావనే వస్తుంది. తల నొప్పిగా ఉన్నప్పుడు "అయ్యో" అనుకోవద్దని చెప్పిన ఆయన, ఆ వెంటనే, మూలగడమే తప్పని తాను అనడం లేదనీ, లోలోపల మాత్రం మూలగవద్దనీ సవరిస్తాడు. అంటే ఆయన అడిగిన నిగ్రహం మనసుకు సంబంధించినదే తప్ప, ఒంటికి చికిత్స మానుకోమని కాదు. ఆ తరువాతి తరంలో స్టోయిక్ చక్రవర్తిగా పేరుపొందిన మార్కస్ అరీలియస్‌కు వైద్యం చేసినవాడు గాలెన్. నల్లమందు కలిసిన థీరియాక్ అనే లేహ్యాన్ని ఆయన చక్రవర్తి కోసం తయారుచేసేవాడు. చక్రవర్తే మందు పుచ్చుకున్నప్పుడు, ఆ తత్వం పేరు చెప్పి మనం మాత్రను పక్కన పెట్టడంలో అర్థం లేదు.

నొప్పి వచ్చిన పూట ఓర్చుకోవడం వల్ల జరిగే నష్టానికి శరీరంలోనే కారణం ఉంది. నా విషయంలో ముందుగా ఆగని ఆవలింతలు వస్తాయి, మెడ పట్టేసినట్లు అవుతుంది, అంతవరకు కమ్మగా అనిపించిన ఇంగువ పోపు వాసన ఒక్కసారిగా వెగటు పుట్టిస్తుంది. ఆ తరువాత ఎడమ కణత దగ్గర పోటు మొదలవుతుంది. ఈ దశలో వేసుకున్న మాత్ర పనిచేసినట్లు, మూడు గంటలు ఓర్చుకున్నాక వేసుకున్నది పనిచేయదు. నొప్పి ముదిరేకొద్దీ జీర్ణాశయం కదలిక మందగించి, మింగినది అక్కడే నిలిచిపోతుంది, లేదా వాంతిలో బయటికి వచ్చేస్తుంది. నరాల వ్యవస్థ కూడా అప్పటికి ఎంతగా రేగిపోయి ఉంటుందంటే, దువ్వెన తగిలినా, కళ్లజోడు కాడ ఆనినా ఓర్వలేము. మందు పడకపోతే ఒక్కో దాడి నాలుగు గంటల నుంచి మూడు రోజుల దాకా సాగవచ్చు. కాబట్టి ఈ పోటీలో మాత్రదే గెలుపు, అదీ తొలి గంటలోనే వేసుకున్నప్పుడు. మైగ్రేన్ దాడిని ఆపడానికే వాడే సుమాట్రిప్టాన్ వంటి ట్రిప్టాన్ల విషయంలో ఇది మరింత నిజం. అయితే గుండె జబ్బు, పక్షవాతం వచ్చినవారూ, రక్తపోటు అదుపులో లేనివారూ వాటి జోలికి పోకూడదు.

ఇంతవరకే చదివి పక్క సీటువాళ్ల మాటే నిజమని తేల్చేయవద్దు. మందుల దుకాణంలో చీటీ లేకుండా దొరికే, కెఫీన్ కలిసిన నొప్పి మాత్రలను నేను మూడేళ్లపాటు సంచిలో పట్టీలు పట్టీలుగా మోసుకు తిరిగాను. వంటింటి తలుపు పక్కన పాల లెక్క రాసుకునే క్యాలెండరులో, న్యూరాలజిస్టు చెప్పిన మీదట, నొప్పి వచ్చిన రోజుకు చుక్క, మాత్ర వేసుకున్న రోజుకు సున్న పెట్టడం మొదలుపెడితే, మొదటి నెలాఖరుకు ఇరవైరెండు చుక్కలు, పందొమ్మిది సున్నలు తేలాయి. నెలకు నాలుగైదు రోజులుండే నొప్పి ఇరవై దాటడానికి నొప్పి మాత్రలే కారణం కావచ్చని అంతవరకు నాకు తట్టలేదు. ట్రిప్టాన్లు, ఓపియాయిడ్లు (నల్లమందు కోవకు చెందిన నొప్పి మందులు), కలగలుపు నొప్పి మాత్రలు నెలకు పది రోజులు లేదా అంతకు మించి, పారాసెటమాల్, ఐబుప్రొఫెన్ వంటివి పదిహేను రోజులు లేదా అంతకు మించి, మూడు నెలలకు పైగా వాడితే, మందు అతివాడకం వల్లనే తలనొప్పి స్థిరపడవచ్చు. నెలకు పదిహేను రోజులు లేదా అంతకన్నా ఎక్కువగా తలనొప్పి ఉండి, అందులో కనీసం ఎనిమిది రోజులు పార్శ్వపు నొప్పి లక్షణాలు కనిపిస్తూ, మూడు నెలలు దాటితే దాన్ని దీర్ఘకాలిక మైగ్రేన్‌గా వైద్యులు లెక్కిస్తారు. ఆ గీత దాటినవారు విడిగా వచ్చే ఒక్కో దాడికి ఒక్కో మాత్ర చొప్పున పోరాడి గెలవలేరు.

అక్కడ చూడవలసినది మూడో మార్గం, అంటే నొప్పి ఉన్నా లేకున్నా రోజూ వాడే నివారణ మందు. ప్రొప్రనొలాల్, అమిట్రిప్టిలిన్, టోపిరమేట్, మన దేశంలో ఎక్కువగా రాసే ఫ్లునరిజిన్ ఈ కోవలోవి. తలకూ మెడకూ ముప్పైయొక్క చోట్ల ఇచ్చే బొటాక్స్ సూదులకు అమెరికాలో 2010లో, మైగ్రేన్ నొప్పిలో పాత్ర ఉన్న సీజీఆర్‌పీ అనే ప్రొటీన్‌ను అడ్డుకునే సూదిమందుల్లో మొదటిదైన ఎరెనుమాబ్‌కు 2018లో అనుమతి లభించింది. వాటి ఖర్చు మధ్యతరగతికి భారమే కాబట్టి చాలామందికి చికిత్స రోజువారీ మాత్రతోనే మొదలవుతుంది. ఆ మాత్ర తొలి వారంలో ఏమీ చేయదు. మోతాదును కొద్దికొద్దిగా పెంచుతూ పోయి, సరైన మోతాదుకు చేరాక ఎనిమిది వారాలైనా ఆగితే తప్ప అది పనిచేసిందో లేదో చెప్పలేము. ఈలోగా నోరు ఎండడం, మగత, బరువు పెరగడం వంటి ఇబ్బందులు మాత్రం ముందే మొదలవుతాయి. పైగా పాత నొప్పి మాత్రలు ఆపిన తొలి రోజుల్లో నొప్పి తగ్గకపోగా ఎక్కువవుతుంది. చాలామంది సరిగ్గా ఇక్కడే, రెండో వారంలో, "ఈ మందు నాకు పడలేదు" అని వదిలేస్తారు. నేనూ ఒకసారి అలాగే వదిలేశాను.

ఇక్కడే మనం ఓర్పును తప్పు చోట వాడుతున్నామని నాకు అర్థమైంది. తొందరపడవలసిన తొలి గంటలో ఓర్చుకుంటున్నాము, ఓర్చుకోవలసిన ఎనిమిది వారాల్లో తొందరపడుతున్నాము. వేళకు తినడం, వేళకు పడుకోవడం, రోజూ మందు వేసుకోవడం, క్యాలెండరు నింపడం మన చేతిలోనివి. ఈ నెల ఎన్ని చుక్కలు పడతాయన్నది మన చేతిలో లేదు. ఎపిక్టెటస్ చేసిన విభజన ఇదే. నెలలో నొప్పి రోజులు సగానికి తగ్గితే వైద్యులు దాన్ని మంచి ఫలితంగానే లెక్కిస్తారు. పూర్తిగా పోవాలని పట్టుబట్టేవారికి ఆ సగం కూడా ఓటమిలాగే కనిపిస్తుంది.

ఇంటి వైద్యాన్ని గురించి ఒక మాట. మా అమ్మ శొంఠి అరగదీసి నుదుటికి పట్టు వేసేది. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు 1893లో బొంబాయిలో మొదలుపెట్టిన అమృతాంజనం కూడా మా ఇంట్లో ఎప్పుడూ ఉండేది. వీటితో హాయి కలిగితే వాడుకోవచ్చు, మాత్రకు బదులుగా కాకుండా. శనివారం ఒక్కపొద్దు మాత్రం నేను మానుకున్నాను, ఎందుకంటే క్యాలెండరులో ఆదివారాల చుక్కలు చాలావరకు దాని ఖాతాలోవే.

నెలకు రెండు మూడు సార్లు వచ్చేవారికి నా తీర్పు తొలి గంట మాత్ర వైపే. వారానికి ఒకటికి మించితే నివారణ మందు గురించి వైద్యుణ్ని అడగాలి, సున్నలు పదికి చేరువైతే అసలు ఆలస్యం చేయకూడదు. పిల్లల్ని కనాలనుకునే స్త్రీలు ఆ సంగతి ముందే చెప్పాలి, ఎందుకంటే నివారణకు వాడే మందుల్లో వాల్‌ప్రొయేట్, టోపిరమేట్ గర్భస్థ శిశువుకు హాని చేయగలవు. ఒక్క క్షణంలో పిడుగుపడ్డట్లు వచ్చిన నొప్పి, జ్వరంతో మెడ బిగుసుకోవడం, మాట తడబడడం, కాలో చెయ్యో పట్టు తప్పడం, యాభై దాటాక మొదటిసారి వచ్చిన తలనొప్పి ఈ పోలికలోకి రావు. వాటికి వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

ఇన్ని చేసినా, వేళకు వేసుకున్న మాత్ర కూడా పనిచేయని రోజులు నాకు ఇప్పటికీ రెండు మూడు నెలలకు ఒకటి వస్తాయి. అటువంటి రోజున గది తలుపు వేసి, కిటికీకి దుప్పటి కట్టి పడుకుంటాను. పక్క ఇంటి కుక్కరు కూత తలలోనే మోగినట్లుంటుంది, నోటి నుంచి మూలుగు వస్తుంది, రానిస్తాను. "రేపు కూడా ఇంతేనా, బతుకంతా ఇంతేనా" అన్న లోపలి మూలుగు మొదలైనప్పుడు మాత్రం, దాన్ని ఈ పూట నొప్పితో కలపకుండా పక్కన పెట్టడానికి ప్రయత్నిస్తాను. సాధారణంగా తెల్లవారేసరికి లేచి, క్యాలెండరులో చుక్క పెట్టి, పాల లెక్క కూడా రాస్తాను.