శంషాబాద్ నుంచి డల్లాస్: అమ్మతో 23 గంటలు

శంషాబాద్ నుంచి డల్లాస్‌కి సూటిగా కొలిస్తే దాదాపు 14,400 కిలోమీటర్లు. నేరుగా వెళ్లే విమానం లేదు. దుబాయ్ మీదుగా వెళ్తే 15,500 అవుతుంది, దోహా మీదుగా వెళ్లినా పెద్ద తేడా లేదు. డెబ్బైకి దగ్గరపడ్డ అమ్మను తీసుకెళ్తున్నాను కాబట్టి టికెట్ కొనేముందు నేను పదేపదే చూసుకున్నది మధ్యలో ఎంతసేపు ఆగాలన్నదే. ఒకసారి ఇంకో దారిలో వస్తుంటే, మొదటి విమానం ఆలస్యమై, గంటన్నర వ్యవధి చాలక రెండోది తప్పిపోయింది. 11 గంటలు కుర్చీలోనే కూర్చున్నాను. అమ్మకు ఆ గతి పట్టకూడదనుకున్నాను.

మే నెలలో బయల్దేరాం. కరీంనగర్ నుంచి బస్సులో సికింద్రాబాద్‌లోని జేబీఎస్ బస్టాండుకి, అక్కడి నుంచి పుష్పక్ అనే ఎయిర్‌పోర్ట్ బస్సులో శంషాబాద్‌కి. సామాను పెట్టుకోవడానికి చోటుంది, క్యాబ్ కన్నా చవక కూడా. దుబాయ్‌కి నాలుగు గంటలు. అక్కడ మూడు గంటల విరామం సరిగ్గా సరిపోయింది. వీల్‌చైర్ టికెట్‌తోపాటే అడిగి పెట్టుకోండి. అమ్మ మొదట సిగ్గుపడింది గానీ ఆ టెర్మినల్‌లో నడక చూశాక ఇంకేమీ అనలేదు. విరామం ఏడెనిమిది గంటలు వస్తే టెర్మినల్ 3 లోపలే హోటల్ ఉంది, ఇమిగ్రేషన్ దాటే పని లేదు. పెద్దవాళ్లతో వెళ్తే ఆ ఖర్చు దండగ కాదు.

రెండో విమానం 16 గంటలు. తెల్లవారుజామున రెండున్నర దాటాక లేచింది. ఉత్తర ధ్రువం వైపు వంగి వెళ్తుంది కాబట్టి ఆ నెలల్లో పొద్దు వాలదు. గ్రీన్‌లాండ్ దగ్గర అమ్మ కిటికీ తెర కొంచెం ఎత్తి, “ఎన్ని గంటలైనా ఎండ అట్లనే ఉన్నది బిడ్డా, పొద్దు గుంకదా?” అని అడిగింది. కింద తెల్లటి మంచు, మధ్యలో నల్లగా రాతి గీతలు. చాలాసేపు చూపు తిప్పలేదు. ముందే చెప్పుకున్న శాకాహార భోజనం బాగానే ఉంది, కానీ అమ్మ రెండు ముద్దలతో సరిపెట్టింది. ప్రతి రెండు గంటలకు లేపి నడిపించాను. అయినా దిగేసరికి కాళ్లు వాచి చెప్పులు పట్టలేదు. వదులు చెప్పులే వేసుకోవాలి.

డల్లాస్‌లో దిగేసరికి అదే రోజు ఉదయం తొమ్మిదిన్నర. సామానులో ఆవకాయ ఉందని కస్టమ్స్‌లో అడక్కముందే చెప్పాం, పంపించేశారు. వేసవిలో మన గడియారానికి పదిన్నర గంటలు వెనక. అమ్మకు నిద్ర కుదురుకోవడానికి ఐదు రోజులు పట్టింది.

తిరుగు ప్రయాణంలో గాలి వెనక నుంచి తోస్తుంది కాబట్టి దుబాయ్‌కి పద్నాలుగున్నర గంటల్లోపే చేరొచ్చు. ఆ టికెట్ మాత్రం నాలుగు గంటల విరామం ఉన్నది చూసి తీసుకున్నాను, వీల్‌చైర్ కూడా చెప్పేశాను.