నాగార్జునకొండ: ముందు అనుపు, తర్వాత లాంచీ

శుక్రవారం మాత్రం వెళ్లకండి. నాగార్జునసాగర్ జలాశయం మధ్య దీవిగా మిగిలిన ఈ కొండ మీది మ్యూజియానికి ఆ రోజు సెలవు. మ్యూజియం లేని నాగార్జునకొండ అంటే ఇక గాలి, నీళ్లు, ఫొటోలే. మిగతా రోజుల్లోనూ చాలామంది పొద్దున్నే హైదరాబాద్‌లో బయల్దేరి, డ్యామ్ చూసుకుని, మధ్యాహ్నానికి లాంచీరేవుకు చేరతారు. అప్పటికి ఆఖరి లాంచీ నిండిపోయి ఉంటుంది, లేదా జనం చాలక రద్దయి ఉంటుంది. దూరం సుమారు 150 కిలోమీటర్లే అయినా, ఒక రాత్రి అక్కడ ఉండేలా వెళితేనే ఈ యాత్రకు న్యాయం జరుగుతుంది.

ఒక విషయం ముందే తెలిసి ఉండాలి. కొండ మీద కనిపించే బౌద్ధ కట్టడాలు అక్కడ పుట్టినవి కావు. శాతవాహనుల తర్వాత, క్రీ.శ. 3, 4 శతాబ్దాల్లో ఇక్ష్వాకులు ఏలిన విజయపురి కొండ కింద లోయలో ఉండేది. ఇప్పుడు దాని మీద సాగర్ నీళ్లున్నాయి. 1926లో సూరపరాజు వెంకటరామయ్య అనే స్థానిక ఉపాధ్యాయుడు ఇక్కడి పాత స్తంభం సంగతి మద్రాసు ప్రభుత్వానికి తెలియజేశారు. పురావస్తు శాఖలో పాత శాసనాలు చదివే విభాగం నుంచి వచ్చిన సరస్వతి అనే ఉద్యోగి ఈ చోటు విలువను గుర్తించారు. 1927 నుంచి 1931 దాకా పురావస్తు అధికారి లాంగ్‌హర్స్ట్ తవ్వకాలు సాగించారు. 1955 డిసెంబర్ 10న నెహ్రూ డ్యామ్‌కు శంకుస్థాపన చేసేనాటికే లోయలో కాలంతో పోటీ మొదలైంది. పురావస్తు శాస్త్రవేత్త ఆర్. సుబ్రహ్మణ్యం నాయకత్వంలో 1954 నుంచి 1960 వరకు, నీళ్లు రాకముందే లోయనంతా తవ్వారు. తొమ్మిది కట్టడాలను విప్పి పైకి తెచ్చి మళ్లీ కట్టారు, మరో పద్నాలుగింటికి నమూనాలు చేశారు. పైకి తెచ్చినవాటిలో కొన్ని కొండ మీద, కొన్ని ఒడ్డున అనుపులో ఉన్నాయి.

అందుకే మొదటి రోజు సాయంత్రం అనుపుకు వెళ్లండి. ఆంధ్ర వైపున్న విజయపురి సౌత్ నుంచి కొద్ది కిలోమీటర్ల రోడ్డు, పడవ అక్కర్లేదు. బస్సులను నమ్ముకోకుండా రానూపోనూ ఆటో మాట్లాడుకుని, అక్కడ గంటసేపు ఆగే మాట ముందే చెప్పండి. చాలామంది వదిలేసేది ఈ చోటునే, నిజానికి అందరూ తప్పక చూడాల్సిందీ ఇదే. నలుపలకల మైదానం, చుట్టూ మెట్లమెట్లుగా కూర్చునే వరుసలు: ప్రాచీన భారతంలో ఇలాంటి రంగస్థలాలు చాలా అరుదు. మైదానం మధ్య నిలబడి మామూలు గొంతుతో మాట్లాడితే పై వరుస దాకా వినిపిస్తుందా లేదా అన్నది మీరే పరీక్షించవచ్చు, సెలవు రోజుల గోలలో మాత్రం కుదరదు. దగ్గర్లోనే హారీతి అనే బౌద్ధ దేవత గుడి, భిక్షువులుండే విహారం పునాదులు ఉన్నాయి. నీడ తక్కువ కాబట్టి నాలుగు దాటాకే వెళ్లండి. నీళ్ల సీసా వెంట ఉంచుకోండి, దుకాణాల మీద ఆశ పెట్టుకోవద్దు.

రెండో రోజు మొదటి లాంచీకి వెళ్లండి. టికెట్ తీసుకునేటప్పుడు అది కొండకు వెళ్లేదా, రిజర్వాయర్‌లో తిప్పి తెచ్చే జాలీ ట్రిప్పా అని గట్టిగా అడగండి. రెండూ ఒకటే అనుకుని ఎక్కి, కొండను దూరం నుంచే చూసి దిగేవాళ్లు తక్కువేం కాదు. వేళలు నీటిమట్టాన్ని, గాలిని, జనాన్ని బట్టి మారతాయి కాబట్టి ముందురోజు సాయంత్రమే రేవులో కనుక్కోవాలి. 2019 సెప్టెంబర్‌లో గోదావరిలో కచ్చులూరు దగ్గర పడవ మునిగిన ప్రమాదం తర్వాత పడవల మీద నిబంధనలు బిగిశాయి. లైఫ్ జాకెట్ ఇవ్వకపోతే అడిగి తీసుకోండి. ప్రయాణం ముప్పావు గంట పైనే. వేసవిలో నీళ్లు తగ్గితే లాంచీ దాకా మెట్లు ఎక్కువగా దిగాలి, మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకు అది కష్టం. జలాశయం పూర్తిమట్టం 590 అడుగులు. వానలు బాగా పడి ఆ మట్టం దగ్గరపడ్డాక వస్తే ఒడ్డు పైకి జరిగి నడక తగ్గుతుంది.

కొండ మీద దిగగానే అందరూ స్తూపాల వైపు పరుగెడతారు. మీరు మ్యూజియంలోకి వెళ్లండి. అక్కడ మునిగిపోయిన లోయ నమూనా ఉంది. అది చూశాక బయటి ప్రతి కట్టడం అసలు ఎక్కడుండేదో అర్థమవుతుంది. తర్వాత పల్నాటి సున్నపురాతి శిల్పాలు, నిలువెత్తు బుద్ధుడు, ఇక్ష్వాకు రాజు శాంతమూలుడి జ్ఞాపకార్థం నిలిపిన ఛాయాస్తంభం చూడండి. అశ్వమేధం చేసిన ఈ రాజు వైదికుడు, సోదరి శాంతిశ్రీ బౌద్ధురాలు. మహాచైత్యానికి, అంటే ఇక్కడి పెద్ద స్తూపానికి, ముఖ్య దాత ఆమే, శాంతమూలుడి కొడుకు వీరపురుషదత్తుడి పాలన ఆరో ఏట అది పూర్తయింది. ఒకే ఇంట్లో రెండు దారులు నడిచాయన్నమాట. బోధిశ్రీ అనే ఉపాసిక (సన్యసించని బౌద్ధ భక్తురాలు) శాసనంలో సింహళ ఆచార్యుల ప్రస్తావన ఉంది. సముద్రం దాటి వచ్చినవాళ్లు ఈ లోయలో ఉండేవారన్నది దాని సారాంశం.

గైడ్లు ఎక్కువగా చెప్పేది బౌద్ధ తత్వవేత్త ఆచార్య నాగార్జునుడి గురించి. ఇక్ష్వాకుల శాసనాల్లో ఈ ఊరు విజయపురి, ఈ కొండ శ్రీపర్వతం. నాగార్జునకొండ అన్న పేరు మధ్యయుగాలది. ఆచార్యుడు ఇక్కడే ఉన్నాడని చెప్పడానికి తవ్వకాల్లో ఆధారమేదీ దొరకలేదు. కథగా వినండి, చరిత్రగా రాసుకోకండి.

అన్ని లాంచీలూ కొండ మీద మనకు తగినంత సమయం ఇవ్వవు. ఇచ్చేది గంటే అయితే మ్యూజియానికి 35 నిమిషాలు, మహాచైత్యం, సింహళ విహారం, స్నానఘట్టాలకు మిగతా సమయం సరిపెట్టండి. తర్వాతి లాంచీలో తిరిగి రావచ్చేమో ఎక్కేటప్పుడే సిబ్బందిని అడిగితే తొందర ఉండదు.

బసకు మూడు దారులున్నాయి. తెలంగాణ వైపు హిల్ కాలనీ ప్రాంతంలో పర్యాటక శాఖ విజయ్ విహార్ జలాశయం ఒడ్డునే ఉంది. గది కంటే కిటికీలోంచి కనిపించే నీళ్లే అక్కడి ఆకర్షణ. అయితే కొండకు లాంచీ ఎక్కేది విజయపురి సౌత్‌లో అయితే పొద్దున్నే వంతెన దాటి రావాలి, ఆ సమయాన్ని లెక్కలో వేసుకోండి. మొదటి లాంచీయే ముఖ్యమనుకుంటే ఆంధ్ర వైపే ఉండటం తేలిక. గుంటూరు నుంచి రైల్లో వచ్చేవాళ్లకు మాచర్లలో మామూలు లాడ్జీలు చవక, కానీ అక్కడి నుంచి పొద్దున్నే వచ్చే బండి ముందురోజే మాట్లాడుకోవాలి.

సమయం మిగిలితే బుద్ధవనం చూడండి. 2022లో తెరిచిన ఈ 274 ఎకరాల ప్రాంగణం కొత్త కట్టడమే, అన్నీ నమూనాలే. అయినా అమరావతి స్తూపం పూర్తి ఆకారంలో ఎలా ఉండేదో ఊహించడానికి పిల్లలకు బాగా పనికొస్తుంది.