ముంబైలో ఒక రోజు, మూడు పాత థియేటర్లు

ముంబై వెళ్ళినోళ్ళంతా గేట్‌వే, మెరైన్ డ్రైవ్ చూస్తారు కదా, మేం మాత్రం మా బావ పట్టుబట్టడంతో ఒక రోజంతా పాత సినిమా హాళ్ళకే పెట్టేశాం. బస కొలాబా సందులో చిన్న లాడ్జి. గది శుభ్రంగానే ఉంది గానీ వేడినీళ్ళు పొద్దున్న ఎనిమిదింటికే బంద్, ఆ ముక్క బుక్ చేసుకునేటప్పుడు ఎవడూ చెప్పడు!

ముందు మరాఠా మందిర్. ముంబై సెంట్రల్ స్టేషన్లో దిగితే నడిచిపోవచ్చు. 1958 నాటి హాలు. 'దిల్‌వాలే దుల్హనియా లే జాయేంగే' 1995 నుంచి ఇక్కడే ఆడుతోంది, 2015లో తీసేద్దామనుకుంటే జనం ఊరుకోలేదు. మా ముందు వరసాయన సంచి తలకింద పెట్టుకుని గుర్రుకొడుతూ, పాట వస్తే లేచి ఈల వేసి మళ్ళీ పడుకున్నాడు. ఆ సీనుకే టికెట్ డబ్బులొచ్చేశాయి.

చర్చ్‌గేట్ ఎదురుగా ఎరోస్, 1938ది. 2017లో మూతపడి 2024లో ఐమాక్స్‌గా తెరుచుకుంది. బయట ఎర్రరాయి, మీగడ రంగు మెరిసిపోతున్నాయి, సౌండుకీ సీటుకీ వంక పెట్టలేం, కానీ లైట్లు ఆర్పాక ఏ ఊరి మల్టీప్లెక్సో గుర్తుపట్టలేను. "కూలగొట్టలేదు, సంతోషించు" అన్నాడు బావ. అదీ నిజమే.

రాత్రికి రీగల్. 1933లోనే ఏసీ, హాలు కింద కార్ల పార్కింగూ పెట్టి కట్టారంటే అప్పట్లో దాని దర్జా ఊహించుకోండి. టీవీలు, కేసెట్లు వచ్చినప్పుడే ఇలాంటి హాళ్ళకి దెబ్బ తగిలింది, మల్టీప్లెక్సులొచ్చాక ఇంకా ఘోరం. వాళ్ళకి ఒక సినిమా పోతే పక్క స్క్రీన్లో ఇంకోటి ఆడుతుంది, చిన్న హాలు కాబట్టి వందమందొచ్చినా నిండుగా కనిపిస్తుంది, ఇక్కడేమో ఉన్నది ఒకటే తెర, వెయ్యికి పైగా సీట్లు, సినిమా పోయిందంటే వారమంతా ఖాళీ కుర్చీలకే కరెంటు బిల్లు కట్టుకోవాలి.

మళ్ళీ వెళ్తే మాత్రం నేను రీగల్‌కే వెళ్తా, అదీ బాల్కనీకే. ఆ రాత్రి బాల్కనీలో లెక్కపెడితే మాతో కలిపి పంతొమ్మిది మంది. టార్చిలైటు పట్టుకున్న పెద్దాయనకి టికెట్ చూపించబోతే చూడనేలేదు, లైటు ఆ వరసల మీద అలా ఒకసారి తిప్పి "కహీఁ భీ బైఠో" అని వెళ్ళిపోయాడు.