పేరు లేని పాత రైఫిల్: లాక్, గొట్టం, కొయ్య – దేని సాక్ష్యం మేలు?

మూతి వైపు నుంచి మందు దట్టించే పాత రైఫిల్ చేతికి వచ్చి, దాని మీద పనివాడి పేరు గానీ, ఊరు గానీ, సంవత్సరం గానీ కనిపించకపోతే, పరిశీలకుడికి మిగిలే సాక్షులు ముగ్గురే: నిప్పు పుట్టించే లాక్, గుండు వెళ్లే గొట్టం, ఈ రెండింటినీ మోసే కొయ్య. 18వ శతాబ్దపు రెండవ సగం నుంచి 19వ శతాబ్దపు మధ్యభాగం వరకు అమెరికాలోని పెన్సిల్వేనియాలోనూ, దానికి దక్షిణాన ఉన్న కొండ ప్రాంతాల్లోనూ తయారైన పొడవాటి రైఫిళ్ల విషయంలో ఈ చిక్కు తరచుగా ఎదురవుతుంది. వాటిని చేసినవారిలో చాలామంది జర్మన్ వలస కుటుంబాల పనివారు. కొనేవారిలో ఎక్కువమంది ఆ చుట్టుపక్కల వారే కాబట్టి, ప్రతి తుపాకీ మీదా పేరు చెక్కవలసిన అవసరం పనివాడికి ఉండేది కాదు.

పరిశీలనకు ముందు చేయవలసిన పని ఒకటుంది. దట్టించే కడ్డీని గొట్టంలోకి అడుగంటా దించి, మూతి దగ్గర గుర్తు పెట్టి, బయటికి తీసి గొట్టం పక్కన ఆనించి చూడాలి. కడ్డీ కొస, లాక్ పక్కన నిప్పు లోపలికి పోయే రంజకపు రంధ్రం దాకా రాకుండా ఆగిపోతే లోపల పాత మందూ గుండూ ఇంకా ఉన్నాయని అనుమానించాలి. వందేళ్లు గడిచినా పొడిగా ఉన్న నల్లని తుపాకీమందు అంటుకుంటుంది. అటువంటి తుపాకీని తెలిసినవారి చేత ఖాళీ చేయించిన తరువాతే మిగిలిన పరిశీలన సాగాలి.

అందరి చూపూ ముందుగా పడేది లాక్ మీద. ముగ్గురిలో అతి బలహీనమైన సాక్షి అదే. అమెరికన్ పనివారిలో ఎక్కువమంది లాక్‌ను తాము చేయకుండా, ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్ వంటి చోట్ల నుంచి దిగుమతి అయినదాన్ని కొని బిగించేవారు. కెట్‌లాండ్ అనే పేరున్న లాక్ పలకలు అమెరికన్ రైఫిళ్ల మీద విరివిగా కనిపించడానికి కారణం ఇదే. ఆ పేరు చూసి తుపాకీని ఇంగ్లీషుదని తేల్చడం పొరపాటు. పైగా 1820ల తరువాత, చెకుముకి రాయికి బదులు దెబ్బకు పేలే చిన్న లోహపు మూతతో మందు అంటించే క్యాప్ పద్ధతి వ్యాపించడంతో చెకుముకి లాక్‌లెన్నో మార్పుకు గురయ్యాయి. వాటిలో కొన్నింటిని పాతవస్తువుల వ్యాపారులు మళ్లీ చెకుముకి రూపానికి తిప్పారు. పలక మీద రంజకం (మొదట నిప్పంటుకునే మందు) పోసే గిన్నె, దాని స్ప్రింగు ఉండవలసిన చోట పూడ్చిన మరల రంధ్రాలు కనిపిస్తే మొదటి మార్పు బయటపడుతుంది. ఆ చోట కొత్త గిన్నె, కొత్త స్ప్రింగు ఉండి, వాటి ఇనుము రంగు పలకతో కలవకపోతే రెండవది కూడా జరిగిందని గ్రహించవచ్చు.

గొట్టం ఇంతకంటే నిజాయితీ గల సాక్షి. అయితే అది ఏమిటో చెప్పడం కన్నా ఏమి కాదో చెప్పడంలోనే దాని బలం ఎక్కువ. బెల్జియంలోని లియెజ్‌లో 1810 నుంచీ, ఇంగ్లండులో 1813 చట్టం తరువాతా అమ్మకానికి వచ్చే గొట్టాలను పరీక్షించి ముద్ర వేయడం తప్పనిసరి. అమెరికాలో పౌరుల తుపాకులకు అటువంటి నిర్బంధం లేదు. జర్మనీలో దేశమంతటికీ వర్తించే చట్టం 1891లో గానీ రాలేదు. కాబట్టి గొట్టాన్ని కొయ్య నుంచి విడదీసి అడుగు పక్కలను కూడా చూసినప్పుడు ఒక్క ముద్రా లేకపోతే, ఆ లేకపోవడమే మన శోధనను అమెరికా, జర్మన్ రాజ్యాల వైపు మళ్లిస్తుంది. ఆపైన పొడవు చూడాలి: జర్మన్ యేగర్ వేట రైఫిల్ గొట్టం సాధారణంగా 30 అంగుళాలకు అటూ ఇటూగా పొట్టిగా, పెద్ద రంధ్రంతో ఉంటుంది; అమెరికన్ గొట్టం తరచుగా 40 అంగుళాలు దాటి, సన్నని రంధ్రంతో ఉంటుంది. కానీ అరిగిన మూతిని కోసి పొట్టి చేయడం, గుండును తిప్పే లోపలి మెలిక గాడులను మళ్లీ తోడించడం ఆ రోజుల్లో మామూలు మరమ్మతులే గనుక, నేటి పొడవూ నేటి రంధ్రపు వెడల్పూ పుట్టినప్పటివి కాకపోవచ్చు. అంతేకాక, 19వ శతాబ్దంలో రెమింగ్టన్ వంటి అమెరికన్ సంస్థలు విడి గొట్టాలను అమ్మేవి. అడుగున ఆ పేరు ఉంటే గొట్టం ఎక్కడిదో తెలుస్తుందే తప్ప తుపాకీని కూర్చినవాడు ఎవరో తెలియదు.

నా తూకంలో కొయ్యదే పైచేయి. లాక్ కొన్నది, గొట్టమూ కొన్నది కావచ్చు. కొయ్యను మాత్రం పనివాడు తాను నేర్చుకున్న చోటి పద్ధతిలోనే, గురువు దగ్గర అలవాటైన చేతి వాటంతోనే చెక్కాడు. యేగర్‌కు ఎక్కువగా వాల్‌నట్ కొయ్య, అమెరికన్ రైఫిల్‌కు ఎక్కువగా చారల మేపుల్ అన్నది తొలి ఆనవాలు మాత్రమే. అసలు సంగతి గీతలో ఉంటుంది. పెన్సిల్వేనియాలోని లాంకాస్టర్ పనిలో వెనుక భాగపు పై అంచు సూటిగా సాగుతుంది. అదే రాష్ట్రంలోని లీహై లోయ పనిలో అదే అంచు గరుడనాసికలా వంపు తిరుగుతుంది. భుజానికి ఆనే మడమ తొలినాళ్లలో వెడల్పుగా, చదునుగా ఉండి, కాలం గడిచేకొద్దీ సన్నబడి నెలవంకలా లోతుగా వంగింది. గుండుకు చుట్టే గుడ్డముక్కలు దాచడానికి కొయ్యలో తొలిచిన పెట్టెకు జరిపే కొయ్య మూత ఉంటే అది తొలికాలపు అమెరికన్ పనో, జర్మన్ పనో కావచ్చు. కీలున్న ఇత్తడి మూత తరువాతి పెన్సిల్వేనియా అలవాటు. ఇత్తడి అసలే లేక, కమ్మరి కొట్టిన ఇనుప సామాను, ఆ గుడ్డముక్కలకు రాసే కొవ్వు పెట్టుకోవడానికి చెక్కిన చిన్న గుంట ఉంటే చూపు టెన్నెసీ, నార్త్ కరోలినా కొండల వైపు తిరగాలి.

కొయ్యకూ హద్దు ఉంది. పెన్సిల్వేనియాలో పని నేర్చి వర్జీనియాలోని షెనండోవా లోయ మీదుగా దక్షిణానికి వలస పోయినవాడి చేతి వాటం అతనితోనే పోయింది. అందువల్ల కొయ్య చెప్పేది ఫలానా పనివారి సంప్రదాయం అని మాత్రమే, ఫలానా మనిషి అని కాదు. పేరున్న రైఫిల్‌తో గీత గీతా సరిపోల్చి చూపలేనంత వరకు పనివాడి పేరు చెప్పకపోవడమే నిజాయితీ. ఇక లాక్ గూడు చుట్టూ సందు ఉన్నా, గొట్టం అడుగున ఉన్న బిగింపు గాట్లకు కొయ్యలోని పిన్నుల రంధ్రాలు ఎదురుపడకపోయినా, కొయ్య తరువాత మార్చినదై ఉండవచ్చు. అటువంటప్పుడు మాత్రం మొదటి సాక్షి స్థానాన్ని గొట్టానికే ఇవ్వాలి.