రామప్ప దారిలో జిన్సెంగ్ వెతుకులాట

ములుగు, లక్నవరం వైపు ఇప్పుడు రిసార్టులు బాగానే లేచాయి. వాటిలో కొన్ని ‘హెర్బల్ స్టే’ అని, ‘ఆయుర్వేద ప్యాకేజీ’ అని బోర్డులు పెట్టుకుంటున్నాయి. ఆ బోర్డు చూసి గది బుక్ చేసే ఆలోచన ఉంటే కాస్త ఆగండి. మూలికల కోసమే ఆ వైపు వెళ్లి, మామూలు హోటల్, రిసార్టు రెండు రకాల బసలూ చూసి వచ్చాం.

మా ప్రయాణానికి కారణం నాన్న. తమ్ముడు దక్షిణ కొరియాలో ఉద్యోగం చేస్తాడు. ఈసారి వస్తూ ఎర్ర జిన్సెంగ్ (అక్కడ మందుగా వాడే ఒక వేరు) పాకం సీసా తెచ్చాడు. దాని ధర విన్నప్పటి నుంచి నాన్నది ఒకటే పాట, “పరకాల దగ్గర మన చెలకల ఇది పెడితే రాదా?” అని. ఎవరైనా మూలికల సాగు చేస్తుంటే చూడొచ్చు, ఎలాగూ రామప్ప కూడా చూడొచ్చు అనుకుని ఫిబ్రవరిలో అక్కాతమ్ముళ్లం బయల్దేరాం.

సికింద్రాబాద్ నుంచి కాజీపేటకు రైలే సుఖం. కారులో అయితే ఉప్పల్ దాటేసరికే సగం ఓపిక అయిపోతుంది. హనుమకొండలో నక్కలగుట్ట వైపు ఒక మామూలు హోటల్లో దిగాం. గది రెండు వేల లోపే. వేణ్నీళ్లు పొద్దున మాత్రమే వచ్చేవి గానీ దుప్పట్లు శుభ్రంగా ఉన్నాయి, లిఫ్ట్ పనిచేసింది. ఆటో ఎక్కితే కాసేపట్లో వేయిస్తంభాల గుడి. రిసెప్షన్ అబ్బాయే తెలిసిన డ్రైవర్‌ను మాట్లాడిపెట్టాడు. ఈ మొత్తం ప్రయాణంలో మాకు దొరికిన మంచి సర్వీసు ఆ డ్రైవరే.

ఇక రిసార్టు సంగతి. పేరు చెప్పను. హోటల్‌కు దాదాపు మూడింతల రేటు. దిగగానే ‘జిన్సెంగ్ టీ’ అని చేతికిచ్చారు. తియ్యగా, కాస్త మట్టివాసనతో ఉంది. తమ్ముడికి అనుమానం వచ్చి ప్యాకెట్ చూపించమన్నాడు. దాని మీద పదార్థాల వరసలో చక్కెర, అశ్వగంధ, ఫ్లేవర్ ఉన్నాయి. జిన్సెంగ్ ఊసే లేదు. వెనకాల ‘మూలికల తోట’ అంటే తులసి, కలబంద, నేలవేము కుండీలు. ఒక కుండీకి మాత్రం జిన్సెంగ్ అని రేకు తగిలించారు. అందులో ఉన్నది చిన్న గులాబీ పూల మొక్క, మిద్దెతోటల వాళ్లు సిలోన్ బచ్చలి అనే జాతిది. నర్సరీల్లో దీన్ని జిన్సెంగ్ పేరుతో అమ్మడం ఉన్నదే. పప్పులోకి బాగుంటుంది, నేనూ వేస్తాను. కానీ దానికీ జిన్సెంగ్‌కూ చుట్టరికం లేదు. మసాజ్ చేసే ఆయన్ని ‘వైద్యుడు’ అని పరిచయం చేశారు. ఏం చదివారని అడిగితే మేనేజర్ మాట మార్చాడు. పనివాళ్లు మాత్రం మర్యాదస్తులు, ఆ మాట ఒప్పుకోవాలి.

అసలు జిన్సెంగ్ తోట ఎలా ఉంటుందో ఆ సాయంత్రం తమ్ముడు ఫోన్‌లో ఫొటోలు చూపించాడు. కొరియాలో గుమ్‌సాన్ అనే ప్రాంతం దీనికి పేరు. కొండవాలు పొలాల్లో వరసగా నల్లటి వాలు పందిళ్లు, వాటి కింద మొక్కలు. ఎండ నేరుగా తగిలితే తట్టుకోలేవు. విత్తనం మొలవాలంటే చలి తగలాలి, చలికాలం పైఆకు చచ్చిపోయి వేరు మట్టిలో నిద్రపోవాలి. తవ్వేది నాలుగో ఏట నుంచి ఆరో ఏట దాకా. ఒకసారి తవ్విన నేలలో మళ్లీ వెంటనే పెట్టరు, ఏళ్ల తరబడి ఆపుతారు, లేకపోతే వేరు కుళ్లుతుంది. ఎండబెడితే తెల్ల జిన్సెంగ్, ఆవిరి మీద ఉడికించి ఎండబెడితే ఎర్రది. గుమ్‌సాన్ సాగు పద్ధతిని 2018లో ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ ప్రపంచ వ్యవసాయ వారసత్వ జాబితాలో చేర్చింది. ఈ సాగునీ, దాని చుట్టూ ఉన్న వైద్య ఆచారాలనీ కొరియా 2020లో జాతీయ వారసత్వంగా ప్రకటించింది. మే నెలలో 44 డిగ్రీలు కాసే మన చెలకలో ఈ పంట అయ్యే పని కాదు. నాన్నకు రాత్రే ఫోన్ చేసి చెప్పేశాం. “అయితే ఏది అయితదో అది చూసి రండి” అన్నాడు.

అయ్యేది మర్నాడు కనిపించింది. ములుగు దాటాక రోడ్డు పొడుగునా మిర్చి కళ్లాలు, కారు అద్దం దించితే ఘాటు. డ్రైవర్ తనకు తెలిసిన రైతు దగ్గర ఆపాడు. ఆయనదీ మిర్చి పొలమే. 2021లో నల్ల తామర పురుగు పూతంతా నాశనం చేశాక ఒక చెక్కలో అశ్వగంధ, అదే పెన్నేరు గడ్డ, వేస్తున్నాడు. మిర్చి, వంకాయ, టమాటా కుటుంబమే ఇదీ. మోకాలెత్తు మొక్క, ఆకులు అప్పటికే పండుబారాయి. పలుచటి కాగితం లాంటి తొడుగు చింపితే లోపల బఠాణీ అంత ఎర్ర పండు. పండ్లు ఎర్రబడి ఆకు ఎండితే తవ్వకానికి వచ్చినట్టు. వానాకాలంలో చల్లితే 150 నుంచి 180 రోజుల పంట.

ఆయన ఎండు వేరు ఒకటి తీసి మా ముందు పుటుక్కున విరిచాడు. లోపల సుద్దముక్కలా తెల్లగా ఉంది. 7 సెంటీమీటర్ల పొడవు, సెంటీమీటరుకు పైన మందం, విరిస్తే తెలుపు, ఇది మొదటి రకం. సన్నగా, పసుపుగా, లోపల బోలుగా ఉంటే చివరి రకం. కుప్పలో నాలుగు రకాలూ వేరు చేసి పెట్టాడు.

“మందులు కొట్టుడు తక్కువ, కోతులు గూడ ముట్టవు అక్కా. అమ్ముకునుడే తిప్పలు. ఏనుమాముల యార్డుల దీన్ని అడిగేటోడు లేడు” అన్నాడు. ఏనుమాముల అంటే వరంగల్ మార్కెట్ యార్డు. అశ్వగంధకు పెద్ద మార్కెట్లు మధ్యప్రదేశ్‌లోని నీమచ్, మంద్‌సౌర్. ఎకరాకు రెండు క్వింటాళ్ల ఎండు వేరు వస్తే మంచి పంట కిందే లెక్క. అంత సరుకుకు అంత దూరం లారీ కిరాయి ఎలా కిట్టుతుంది? నలుగురైదుగురు రైతులు కలిస్తే తప్ప దారి లేదు. మేం అక్కడే అరకిలో కొన్నాం. రిసార్టు కౌంటర్లో చిన్న డబ్బా పొడికి అడిగిన డబ్బులో సగం కూడా కాలేదు.

మేడారం దారిలోనూ బండ్ల మీద వేర్లు అమ్ముతారు. మనిషి ఆకారంలో ఉన్న వేరు చూపించి ‘ఇదే జిన్సెంగ్’ అంటే నవ్వి ముందుకు నడవండి. తేనె, కరక్కాయ లాంటివి కావాలంటే గిరిజన కోఆపరేటివ్ కార్పొరేషన్ దుకాణాల్లో తీసుకోవచ్చు.

మందుగా వాడదామనుకుంటే వరంగల్‌లో అనంతలక్ష్మి ప్రభుత్వ ఆయుర్వేద కళాశాల ఆసుపత్రి ఉంది, ఏదైనా మింగే ముందు అక్కడ చూపించుకోవడం నయం. జిన్సెంగ్ రక్తాన్ని పలుచబరిచే మందు వార్ఫరిన్ పనిని తగ్గించగలదు, షుగర్ మాత్రలతో కలిస్తే షుగర్ మరీ పడిపోవచ్చు. అశ్వగంధ గర్భిణులకు వద్దు, థైరాయిడ్ మందులు వాడేవాళ్లు డాక్టర్‌ను అడగకుండా మొదలుపెట్టొద్దు, కాలేయం దెబ్బతిన్న కేసులూ ఉన్నాయి. అశ్వగంధలో వాడాల్సింది వేరునే, ఆకును కాదు. ఆకు కలపొద్దని ఆయుష్ శాఖ 2021లోనే తయారీదారులకు చెప్పింది. నాన్న షుగర్ మనిషి కాబట్టి ఆ కొరియా సీసా ఇంకా మూత తీయకుండానే ఉంది.

రామప్ప గురించి అందరూ రాశారు. 1213 నాటి గుడి, నీళ్లలో తేలే ఇటుకలు, యునెస్కో గుర్తింపు 2021లో. పొద్దున ఎనిమిది లోపు చేరితే జనం ఉండరు, గైడ్ కూడా తీరిగ్గా చెబుతాడు. లక్నవరంలో రాత్రి ఉండాలంటే మంగళ, బుధవారాలు చూసుకోండి. శని, ఆదివారాల్లో వేలాడే వంతెన మీద ఫొటోల కోసం తోపులాటే. మళ్లీ వెళ్తే నేను హనుమకొండలోనే ఉండి కారు మాట్లాడుకుంటాను. రోజుకు మూడు వేల దాకా అయింది. వెయిటింగ్, డ్రైవర్ భోజనం అందులోనే కలుస్తాయా లేదా అన్నది మాత్రం ఎక్కే ముందే తేల్చుకోండి.