స్వీడన్ మునిసిపాలిటీ ఇంటి సేవ: పని బాగుంది, వచ్చే మనుషులే మారిపోతుంటారు

స్వీడన్‌లో ఎనభై దాటినవాళ్లు కూడా వృద్ధాశ్రమానికి వెళ్లకుండా సొంతింట్లోనే ఉండగలుగుతున్నారంటే, దానికి పెద్ద ఆసరా హెమ్‌షెన్స్ట్. మునిసిపాలిటీ తరఫున మనిషి ఇంటికొచ్చి చేసే సేవ ఇది. మునిసిపాలిటీని అక్కడ కొమ్యూన్ అంటారు, దేశం మొత్తమ్మీద 290 ఉన్నాయి. స్నానం చేయించడం, బట్టలు తొడగడం, మందులు వేయించడం, ఇల్లు తుడవడం, సరుకులు తేవడం, అన్నీ ఇందులోకి వస్తాయి. కొన్నిచోట్ల కొమ్యూన్ ఉద్యోగులే వస్తారు. కొన్నిచోట్ల కొమ్యూన్ డబ్బు కడితే ప్రైవేటు సంస్థ పంపుతుంది. 2009లో అమల్లోకి వచ్చిన చట్టాన్ని వాడుకుని, ఏ సంస్థ కావాలో ఎంచుకునే వీలు పెద్దవాళ్లకే ఇచ్చిన కొమ్యూన్లు చాలా ఉన్నాయి. మొత్తంగా మంచి సేవే. అయితే దాని లోపం ఎక్కడుందో తెలిసి అడిగినవాళ్లకు దక్కేది వేరు, ఇచ్చింది తీసుకున్నవాళ్లకు దక్కేది వేరు.

సగం వ్యవహారం మొదటి రోజే తేలిపోతుంది. కొమ్యూన్‌కు ఫోన్ చేసి అర్జీ పెడితే అవసరాలు అంచనా వేసే అధికారి ఇంటికి వస్తారు. అలవాటుగా ఆ పూటే పెద్దావిడ మంచి చీర కట్టుకుని, కాఫీ పెట్టి, "అంతా నేనే చేసుకుంటున్నాను, ఇబ్బందేం లేదు" అంటుంది. అధికారి రాసుకునేది ఆ మాటే. అందుకే ముందు వారం రోజులపాటు ఒక కాగితం మీద రాసి పెట్టుకోవాలి: రాత్రి ఎన్నిసార్లు లేచారు, బాత్రూమ్‌లో ఎక్కడ తూలారు, ఏ పూట తినకుండా వదిలేశారు, ఏ మాత్ర మర్చిపోయారు. ఒంట్లో బాగున్న రోజు కాదు, బాగాలేని రోజు ఎలా గడుస్తుందో చెప్పాలి. పిల్లలు పక్కన కూర్చోవడం మంచిది. కానీ "మేం చూసుకుంటాంలెండి" అని నోరు జారితే ఆ పని లెక్కలోంచి పోతుంది. నిర్ణయం రాతపూర్వకంగా వస్తుంది. అడిగినదాంట్లో ఏది కాదన్నారో చూసుకోండి. చేతికి అందిన మూడు వారాల్లోపు పరిపాలనా కోర్టుకు అప్పీలు చేసుకోవచ్చు.

ఇచ్చేది ఎంతంటే, స్నానం వారానికోసారి, ఇల్లు తుడవడం రెండు మూడు వారాలకోసారి అన్నది తరచూ కనిపించే నిర్ణయం. రోజూ తలంటుకోకపోయినా ఒళ్లు కడుక్కునే అలవాటున్న మనవాళ్లకు ఇది మింగుడుపడదు. ఎక్కువ కావాలంటే కారణం చెప్పాలి: చెమట, చర్మం మడతల్లో పుళ్లు, మూత్రం ఆగకపోవడం. కారణం ఉంటే పెంచుతారు.

డబ్బు విషయంలో మాత్రం వంక పెట్టలేం. ఎన్ని గంటలు వచ్చినా ఫీజుకు దేశమంతా ఒకే పరిమితి. 2024లో అది నెలకు 2,575 క్రోనర్లు. ఇంటద్దె, తిండి ఖర్చులు పోను చేతిలో కొంత మిగలాలన్న లెక్క కూడా ఉంది కాబట్టి చిన్న పింఛనుతో బతికేవాళ్లలో కొందరికి ఫీజు సున్నా. తిండి ఖర్చు మాత్రం విడిగా పడుతుంది.

అసలు కిటుకు అమలు ప్రణాళికలో ఉంది. నిర్ణయం వచ్చాక సంస్థవాళ్లు కూర్చుని, ఏ పని ఎప్పుడు, ఎలా చేయాలో రాస్తారు. "ఉదయం సాయం" అని ఒక్క ముక్క రాయించుకుంటే వచ్చినవాళ్లు తమకు తోచినట్టు చేసి పోతారు. ఇలా రాయించండి: "ఎడమ భుజం పైకి లేవదు, జాకెట్టు ముందు ఎడమ చేతికి తొడగాలి. షవర్ తల మీద పెట్టొద్దు, బకెట్టూ చెంబూ బాత్రూమ్ మూలన ఉన్నాయి. కాళ్ల వేళ్ల మధ్య తుడిచి ఆరబెట్టాలి. మాంసం, చేపలే కాదు, గుడ్డు కూడా తినరు." ఇలాంటి పది వాక్యాలుంటే, కొత్తగా వచ్చిన మనిషి ఫోన్‌లో చదువుకుని నిమిషంలో పనిలోకి దిగుతుంది. లేకపోతే పెద్దావిడే రోజూ మొదటి నుంచీ చెప్పుకోవాలి. మతిమరుపు వచ్చినవాళ్లయితే అదీ చెప్పలేరు.

ఇక పెద్ద లోపం. రోజుకు రెండుసార్లు, ఆపైన సాయం అందుకునే ఒక పెద్దమనిషి ఇంటికి పద్నాలుగు రోజుల్లో ఎంతమంది వేర్వేరు మనుషులు వచ్చారో కొమ్యూన్లు లెక్కపెడతాయి. దేశ సగటు ఏళ్ల తరబడి 15 దగ్గరే తిరుగుతోంది. పైగా ఆ లెక్కలో రాత్రివేళ వచ్చేవాళ్లు, నర్సులు ఉండరు. షిఫ్టులు, పార్ట్‌టైమ్ ఉద్యోగాలు, సెలవులు, పొద్దున్నే అందరి ఇళ్లలో ఒకేసారి పడే పని, ఇవన్నీ కలిసి మనుషుల్ని మార్చేస్తాయి. దీన్ని మర్యాద సమస్యగా మాత్రమే చూడకూడదు. మడమ మీద చిన్న ఎర్ర మచ్చ మొదలైందనుకోండి. వచ్చినవాళ్లు తలా ఒక్కసారి చూసి వెళ్తే, నిన్నటికంటే ఇవాళ పెరిగిందని పట్టుకునే కళ్లు ఉండవు. అది పుండయ్యాకే నర్సుకు కబురు వెళ్తుంది. దీనికి చట్టంలో ఒక మందు ఉంది: 2022 జులై నుంచి ప్రతి ఒక్కరికీ ఒక స్థిరమైన బాధ్యురాలిని చూపించాలి. 2023 జులై నుంచి ఆమె ఉండర్‌షోతెర్‌స్క, అంటే శిక్షణ పొందిన సహాయక నర్సు అయి ఉండాలి. ఆమె పేరు అడిగి తెలుసుకోండి, వారంలో ఏయే రోజులు తనే వస్తుందో అడగండి. పేరు కాగితం మీద ఉండి మనిషి గడప తొక్కని ఇళ్లు కూడా ఉంటాయి.

దేశవ్యాప్తంగా ఏటా జరిగే సర్వేలో మొత్తం మీద సంతృప్తిగా ఉన్నామనేవాళ్లు 85 శాతం చుట్టుపక్కలే ఉంటున్నారు. బాగా మాట్లాడతారని చెప్పేవాళ్లు 90 శాతం పైనే. అదే సర్వేలో, ఏ టైముకు రావాలో మా మాట చెల్లుతుందా, ఎవరైనా రాకపోతే ముందే చెబుతున్నారా అన్న ప్రశ్నలకు మార్కులు బాగా తగ్గుతాయి. ఒంటరితనం బాధిస్తోందనేవాళ్లు సగానికి పైనే. వచ్చిన మనిషి మీద ఫిర్యాదు లేదు, వచ్చే తీరు మీదే ఉంది. ఆ 85 చూసి సరిపెట్టుకోవడం తప్పని మా గట్టి అభిప్రాయం. రోజూ తమ ఒంటి మీద చెయ్యి వేసే మనిషి గురించి చెడు రాయడానికి ఏ ముసలిప్రాణమైనా వెనకాడుతుంది.

మందుల దగ్గర ఒక మెలిక ఉంది. చాలామందికి ఫార్మసీ నుంచి పూటకో చిన్న సంచీ చొప్పున రోల్ వస్తుంది. సంచీ చింపి మాత్ర ఇవ్వాలంటే ఆ ఉద్యోగికి నర్సు రాతపూర్వకంగా అనుమతి ఇచ్చి ఉండాలి, అది ఏడాదికి మించి చెల్లదు. అనుమతి లేని తాత్కాలిక మనిషి వస్తే మాత్ర ఇవ్వకూడదు, ఇంకొకరు రావాలి. ఉదయం ఎనిమిదింటి మాత్ర పదిన్నరకు పడటానికి తరచూ కారణం ఇదే. పార్కిన్సన్స్ మందులు వేసుకునేవాళ్లకు ఆ తేడా అంటే లేచి నడవగలగడమా, కుర్చీలో బిగుసుకుపోవడమా అన్నంత తేడా. కాబట్టి ఏ మందు కచ్చితంగా టైముకు పడాలో ప్రణాళికలో విడిగా రాయించాలి.

మణికట్టుకు కట్టుకునే అలారం బటన్ తప్పక తీసుకోండి. నీళ్లలో తడిసినా పాడవదు. అయినా స్నానానికి ముందు తీసి షెల్ఫు మీద పెడతారు, పడేదేమో అక్కడే. నెలకోసారి నొక్కి చూడండి, అవతలివాళ్ల మాట వినిపించేదాకా ఆగండి, బాత్రూమ్ తలుపు వేసి కూడా ఒకసారి ప్రయత్నించండి. మంచం ఎత్తు కూడా చూసుకోండి. తక్కువగా ఉంటే ఉద్యోగుల నడుము దెబ్బతింటుందని, ఎత్తు మార్చగలిగే మంచం వచ్చేదాకా కొన్ని పనులు ఆపేస్తారు. గడప తీయించడానికి, స్టవ్ దానంతటదే ఆరిపోయే పరికరం పెట్టించడానికి కొమ్యూన్ గ్రాంటు ఇస్తుంది. దానికి ఆక్యుపేషనల్ థెరపిస్ట్ (రోజువారీ పనులు సులువయ్యేలా చూసే నిపుణులు) లేదా డాక్టరు లాంటివాళ్ల సర్టిఫికెట్ కావాలి.

స్వీడన్‌లో ఉన్న తెలుగు కుటుంబాలకు రెండు మాటలు. ఈ సేవ అక్కడ నివాసం నమోదైనవాళ్లది. పిల్లల్ని చూడ్డానికి వీసా మీద వచ్చిన అమ్మానాన్నలకు అత్యవసర సాయం తప్ప ఇంకేం ఆశించొద్దు. తెలుగు మాట్లాడే ఉద్యోగి కావాలన్న హక్కు లేదు, దొరికితే అదృష్టం. కానీ అధికారితో జరిగే సమావేశానికి అవసరమైతే దుబాసీని ఏర్పాటు చేయాల్సింది కొమ్యూనే. మనవడితో అనువాదం చేయించకండి. మూత్రం గురించి, మతిమరుపు గురించి నానమ్మ మనవడి ముందు నోరు విప్పదు.

సేవ సరిగా లేకపోతే ముందు సంస్థ మేనేజరుకు, తర్వాత కొమ్యూన్‌కు, అప్పటికీ కదలకపోతే పర్యవేక్షణ సంస్థ ఐవీఓకు రాయొచ్చు. ఎంపిక ఉన్న కొమ్యూన్లలో సంస్థను మార్చుకోవచ్చు. ఏది చేసినా "ఎప్పుడూ ఆలస్యమే" అని రాస్తే కదలిక రాదు. తేదీ, రావాల్సిన టైము, వచ్చిన టైము, ఏ పని మిగిలిపోయింది, ఈ నాలుగూ రెండు వారాలు వరుసగా రాసి జతచేయండి. చాలాచోట్ల వాళ్ల ఫోన్లలో వచ్చిపోయిన టైము నమోదవుతుంది, రెండూ పక్కపక్కన పెట్టి చూడక తప్పదు.