రెండేళ్లు వాడిన లాయల్టీ కార్డు: లెక్క వేశాకే లాభం కనిపించింది

నెల సరుకులన్నీ ఒకే సూపర్‌మార్కెట్‌లో కొంటాం కాబట్టి కొన్నదానికి పాయింట్లిచ్చే వాళ్ల లాయల్టీ కార్డు తీసుకున్నాను, రెండేళ్లు దాటింది. మొదటి ఏడాది పాయింట్ల వల్ల నాకు దక్కింది సున్నా. పాయింట్లన్నీ కూడబెట్టి ఒకేసారి పెద్ద వస్తువు మీద వాడదామని ఆగితే పన్నెండు నెలలకి అవి ఎక్స్‌పైర్ అయిపోయాయి, గడువు మెసేజేమో నేను ఎప్పుడో మార్చేసిన పాత నంబర్‌కి వెళ్లింది. కౌంటర్లో అడిగితే "సిస్టమ్ తీసుకోవట్లేదండీ" అన్నారు, అంతే. చాలా బాధేసింది. నిబంధనలు మొత్తం ఆ రాత్రే కూర్చుని చదివాను.

అక్కడ వంద రూపాయలకి ఒక పాయింటు. బిల్లులో తగ్గించమంటే ఆ పాయింటు విలువ అర రూపాయి. అంటే మనకి తిరిగొచ్చేది 0.5 శాతం. ఏ కార్డుకైనా ముందు ఈ ఒక్క లెక్క వేసుకోండి. డబుల్ పాయింట్లు అని బోర్డు పెట్టినా అది 1 శాతమే కదా, అదే సరుకు పక్క షాపులో 5 శాతం తక్కువకి దొరుకుతుంటే పాయింట్ల కోసం ఇక్కడికి రావడం నష్టమే. గిఫ్ట్ కేటలాగ్ జోలికి అసలు పోవద్దు. అందులో ఇస్త్రీ పెట్టెకి అడిగిన పాయింట్లు బిల్లులో ఎంత తగ్గిస్తాయో చూసి, అదే మోడల్ బయట ఎంతకి అమ్ముతున్నారో పోల్చాను, పాయింటు విలువ సగానికి పడిపోతోంది.

నాకు నిజంగా మిగిలింది మెంబర్ ధరల వల్ల, అంటే కార్డున్నవాళ్లకి మాత్రమే ఇచ్చే తగ్గింపు ధరలు. పాత బిల్లులు తీసి చూస్తే తగ్గిన మొత్తంలో ఎక్కువ భాగం అదే, పాయింట్లది చాలా చిన్న వాటా. కాకపోతే లేబుల్ మీద కొట్టేసిన పాత ధరని నమ్మకుండా కిలోకి, లీటరుకి ఎంత పడుతోందో చూడాలి, ఎందుకంటే ఇంకో బ్రాండు మామూలు ధరే దానికంటే తక్కువ ఉన్న రోజులు చాలా చూశాను.

ఇంకో సంగతి. "ఇంకొంచెం కొంటే బోనస్" అనే మెసేజ్‌లు మన మీద బాగా పనిచేస్తాయి. 2006లో ప్రచురించిన ఓ అధ్యయనంలో కార్ వాష్ కస్టమర్లకి రెండు రకాల కార్డులిచ్చారు: కొందరికి ఎనిమిది ఖాళీ గడులవి, మిగతావాళ్లకి పది గడుల్లో రెండు ముందే ముద్ర వేసినవి. రెండిట్లోనూ ఇంకా కావలసినవి ఎనిమిదే. అయినా మొదటి గుంపులో 19 శాతం మంది పూర్తి చేస్తే రెండో గుంపులో 34 శాతం మంది చేశారు. అంటే బహుమతికి కొంత దగ్గరపడ్డాం అనిపిస్తే చాలు, మనం ఇంకా కొంటాం. ఇది చదివినప్పటి నుంచి లిస్టులో లేనిది బోనస్ కోసం కొనడం మానేశాను.

ఇప్పుడు పాయింట్లు కనీస పరిమితికి రాగానే అదే బిల్లులో వాడేస్తున్నా. బిల్లులో పూర్తి వంద కాకుండా మిగిలే చిల్లరకి పాయింటు రాదు కాబట్టి చిన్న చిన్న బిల్లులు బదులు ఒకేసారి కొంటున్నాం, ఇంట్లో అందరం ఒకే నంబర్ చెప్తున్నాం. సబ్బులు, డిటర్జెంట్ లాంటి పాడవని వస్తువులు డబుల్ పాయింట్ల రోజుకి ఆపుతాను. క్యాష్‌బ్యాక్ ఇచ్చే బ్యాంకు కార్డుతో కడితే అది వేరుగా వస్తుంది.

మనం ఏం కొంటున్నామో ప్రతిదీ వాళ్ల దగ్గర రికార్డవుతుంది, అది కూడా మనం చెల్లించే ధరే. అందుకే ఫారంలో తప్పనిసరి కానివి నేను నింపలేదు.

రేటింగ్ ఐదుకి మూడు. గడువు తీసేస్తే నాలుగు ఇస్తాను.